కుంకుమ కింద గీత

"ఆ ఎర్ర గీత ఏంటి సార్?" అన్నాడు కరిముల్లా ఫోన్లో. అప్పుడు నేను బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చుని, కొత్త సైకిల్ మీద కూతురి ఫొటోని తెలిసిన వాళ్లందరికీ పంపేసి, వచ్చే పొగడ్తల కోసం ఫోన్ వంకే చూస్తున్నాను. "ఏ గీత భాయ్, నా తలగీతా?" అన్నాను. అలవాటు. మా ఇంట్లో పొద్దున్నే నాకంటే ముందు నా నోరు లేస్తుంది. అతను నవ్వలేదు. ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి, నా జోకులకి ఇరవై ఏళ్లుగా నవ్వుతున్న మనిషి, నవ్వలేదు. "ఫొటో పెద్దది చేసి చూడండి సార్. హ్యాండిల్ కింద, మెడ దగ్గర. కుంకుమంతా తుడిచేసినా వెంట్రుకంత గీత మిగిలింది. ఇనుములో పగులు పట్టుకోవాలంటే మా నాన్న కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సున్నం చల్లేవాడు. పగుల్లోకి దిగిన నూనె మళ్లీ గీతలాగా పైకొచ్చేది. ఇదీ అట్టాగే ఉంది సార్. పైపైన అంటిన మరకైతే పర్లేదు. లోపలికి దిగిందంటే మాత్రం అది పగులే. పాపని ఆపండి." పాపని ఆపండి అన్నాడు, సార్ అనలేదు ఆ చివర, కాఫీ లుంగీ మీద ఒలికింది, వేడిగా ఉందో చల్లారిందో నాకు తెలియలేదు.

ఇప్పుడు పెనమలూరు దాటుతున్నాను, లుంగీ మీదే ప్యాంటు ఎక్కించినట్టున్నాను, తొడ దగ్గర ఉండచుట్టుకుని తగులుతోంది, ఇది దుర్గ స్కూటరు, దుర్గ అంటే మా ఆవిడ, కొండ మీదొక దుర్గ, ఇంట్లోనొక దుర్గ, మధ్యలో నలిగే మహిషాన్ని నేను అని పెళ్లయిన కొత్తలో అంటే వారం రోజులు మాట్లాడలేదు, ఇందాక తాళంచెవి తీస్తుంటే ఎక్కడికండీ అంది, పాలకి అన్నాను, పాలు తెచ్చారుగా అంది, జవాబు చెప్పకుండా మెట్లు దిగాను, నేను జవాబు చెప్పకుండా మెట్లు దిగడం ఆవిడ చూడటం ఇదే మొదటిసారి అనుకుంటా, పై నుంచి అలాగే చూస్తూ నిలబడింది. పాప సైకిల్ గ్రూపుతో బందరు వైపు పోయింది, నాకంటే నలభై నిమిషాలు ముందుంది. ఒక సైకిలు గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతోంది, నలభై నిమిషాల తర్వాత దాని వెనక ఒక స్కూటరు గంటకి యాభైతో బయల్దేరింది, ఎంతసేపటికి కలుస్తాయి, ఎనిమిదో తరగతి లెక్క, గంటకి అని జవాబు, వెనక పేజీలో ఉండేది. ఆ లెక్కల్లో సైకిలు ఎప్పుడూ విరగదు.

డిసెంబరు మంచు. బందరు రోడ్డు మీద లారీల వెనక లైట్లు ఎర్రగా వచ్చి ఎర్రగా పోతున్నాయి, ఎరుపు చూస్తే చాలు, గీత, ఎర్ర గీత, స్కూటర్ ఎక్కేముందు ఫొటో పెద్దది చేసి చూశాను, వేళ్లతో సాగదీస్తే పాప మొహం పక్కకి జరిగిపోయింది, నల్లటి గొట్టం, దాని మీద ఇటలీ పేరు తెల్లక్షరాల్లో, ఆ పేరులో మొదటి అక్షరం మీదుగా సన్నగా, ఎవరో ఎర్ర దారం అంటించినట్టు. ఇటలీ పేరే గాని ఇటలీది కాదు. పేరు ఇటలీది, పుట్టుక చైనాది, బతుకు బెజవాడది. అసలుది కొనాలంటే నేను అమ్మిన నా స్కూటరు చాలదు, ఇంకో స్కూటరూ దాని పక్కన ఇంకో స్కూటరూ అమ్మాలి, అందుకని నకలు. కార్బన్ ఫ్రేమ్‌కి కాపీ, అంటే కార్బన్ కాపీయేగా, అన్నాను కరిముల్లాతో, అతను చేతిలో పానా కిందపెట్టి మరీ నవ్వాడు. దుర్గ నవ్వలేదు, నగలు అడిగితే నకలు తెచ్చారు అంది, నాతో ఇరవై రెండేళ్లు కాపురం చేస్తే ఎవరికైనా అంటుకుంటుంది, చైను అడిగితే చైనాది తెచ్చారు అని కూడా అంది, ఆ రెండోది నేను నాదని చెప్పుకుని నలుగురి దగ్గరా మెప్పు కొట్టేశాను. పోయినేడాది జిల్లా పోటీల్లో పాప పద్నాలుగు కిలోల ఇనప సైకిల్ మీద నాలుగోదిగా వచ్చింది. ముందొచ్చిన ముగ్గురివీ కార్బన్ బళ్లు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు, స్నానం చేసి పడుకుంది, అంతే, ఏమీ అనకపోవడం నేను భరించలేను, మనిషన్నాక ఏదో ఒకటి అనాలి. ఆ వారమే ఫ్రేమ్ ఆర్డరు పెట్టాను.

పద్మశ్రీ. మా ఇంటికొచ్చిన పద్మశ్రీ ప్రభుత్వం ఇచ్చింది కాదండీ, ఆస్పత్రిలో నర్సమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చింది, అంటాను అందరితో, ఇరవై ఏళ్లుగా అదే అంటున్నాను, అది విన్నప్పుడల్లా పాప కళ్లు పైకి తిప్పుతుంది, ఇప్పుడు ఏం చూస్తున్నాయో ఆ కళ్లు, రోడ్డు చూస్తున్నాయి, ముందున్నవాళ్ల వెనక చక్రం చూస్తున్నాయి, తన ఒళ్లోనే ఉన్న గీతని చూడవు, తొక్కేవాళ్లకి అది కనపడదు, హ్యాండిల్ కింద కదా. ఫ్రేమ్ వచ్చిన రోజు కరిముల్లా దుకాణంలో అట్టపెట్టె విప్పితే లోపల నల్లగా, కొత్తగా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు, అంత తేలిక. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ పోయాడు, డాక్టరు ఛాతీ మీద వేళ్లతో కొట్టి వింటాడే అట్లా, టింగ్ టింగ్ టింగ్. "వినండి సార్, బాగున్న చోట గొంతు ఇట్టా పలుకుద్ది. లోపల పొరలు విడిపోతే మాత్రం దబ్ మంటది, ఎండిన బెండకాయ మీద కొట్టినట్టు." తర్వాత పక్షం రోజులు పట్టింది కూర్చడానికి. హైదరాబాదులో ఎవరో మోకాలు పోయి తొక్కడం మానేసినాయన గేర్లు పాతవి దొరికాయి, ఇన్నేసి గేర్లుంటే గేరుగారూ అని పిలవాలేమో అన్నాను, చక్రాలు మాత్రం కొత్తవి, సీటు మాకు తెలిసినవాళ్లది, ఇంజినీరింగ్ సీటు రాకపోయినా ఈ సీటు వచ్చిందిలే అంటే పాప అలిగి దుకాణం బయటికి పోయింది. బ్రేకు తీగలు గొట్టం లోపలి నుంచే పోవాలి, ఎట్లా పంపాలో తెలియక రెండు సాయంత్రాలు కుస్తీపట్టాం, చివరికి కరిముల్లా వాళ్లావిడ అక్తరున్నీసా గారు మిషను మీద నుంచి లేచి వచ్చి, దారం ఒక చివర లోపలికి వదిలి, రెండో చివర దగ్గర ఇల్లు ఊడ్చే వాక్యూమ్ పెట్టమంది. సుయ్యిమని దారం ఇటు వచ్చేసింది. దానికి తీగ కట్టి లాగాం. ఆవిడ ఏమీ జరగనట్టు మళ్లీ పోయి జాకెట్టు కుట్టుకుంది. ఆ ఆఖరి రోజు కరిముల్లా చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు, నేను సగం విన్నాను, సగం జోకు వెతుక్కుంటున్నాను: "ఇది ఇనుము కాదు సార్. ఇనుము మంచిది. ఒంగుద్ది, మూలుగుద్ది, చెప్పి చస్తది. ఇది చెప్పకుండా చస్తది. దెబ్బ తగిలితే పైకి గీత కూడా ఉండదు ఒక్కోసారి. కింద పడేసినా, దేన్నయినా గుద్దినా, నాకు చూపించకుండా ఎక్కనియ్యొద్దు." అలాగే భాయ్, ఫ్రేమ్‌ని ప్రేమగా చూసుకుంటాం అన్నాను. ప్రేమగా. నా నాలుకని కోసి కృష్ణలో వెయ్యాలి, చేపలు కూడా తినవు.

కంకిపాడు. పూలబండ్లు, ఆదివారం సంత మొదలవుతోంది, ఎవడో అడ్డంగా మేకని తోలుకుపోతున్నాడు, హారన్ నొక్కితే దుర్గ స్కూటర్ హారన్ కీచుమంది, పిల్లి కూడా పక్కకి జరగదు దీనికి. దెబ్బ తగిలింది. నాకు తెలుసు తగిలిందని. కరిముల్లాకి ఫోన్లో చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, ఈ మంచుకి తప్ప. పొద్దున్నే ఐదున్నరకి అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టే చోట. కొత్త బండి పూజ లేకుండా రోడ్డెక్కకూడదు అంది దుర్గ, కారైతేనేం సైకిలైతేనేం, రెండు చక్రాలున్నాయిగా, రెండు నిమ్మకాయలు పట్టుకురండి అంది. హ్యాండిల్‌కి బంతిపూల దండ, గొట్టానికి పసుపు, కుంకుమ బొట్లు, చక్రాల కింద చెరో నిమ్మకాయ. పాప పైన సీసాల్లో నీళ్లు పట్టుకుంటోంది. దుర్గ అగ్గిపెట్టె మర్చిపోయానని పైకి వెళ్లింది. అయిదు నిమిషాలు, నేనూ, సైకిలూ, కొబ్బరికాయా. దిష్టి తీద్దామని కాయ కుడిచేత్తో పట్టుకుని, ఎడంచేత్తో హ్యాండిల్ పట్టుకుని, చక్రం నిమ్మకాయ మీదుగా తోద్దామని ముందుకి నెట్టాను. మామూలు బండి చక్రమైతే నిమ్మకాయ చితుకుతుంది. ఇది బొటనవేలంత వెడల్పు చక్రం, ఎనిమిది కిలోల బండి, నిమ్మకాయ చితకలేదు, దొర్లింది. బండి జారింది. పట్టుకుందామని కుడిచెయ్యి కూడా చాచాను, ఆ చేతిలో కాయ ఉందన్న సంగతి చేతికి తెలుసు, నాకు తెలియదు. ఠప్. కాయ పగల్లేదు. అబ్బ, పగల్లేదే అనుకున్నాను ముందు, మంచి శకునం కాదే అని, అప్పుడు చూశాను, హ్యాండిల్ కింద మెడ దగ్గర, ఇటలీ పేరు మొదలయ్యే చోట, గోటితో గీరినంత మచ్చ. దుర్గ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తోంది. పళ్లెంలో వేలు ముంచి ఆ మచ్చ మీద అప్పచ్చంత బొట్టు పెట్టాను. పైగా నీళ్లతో తడిపి మరీ, బాగా అంటుకోవాలని. ఎందుకు, ఎవరడుగుతారని, దుర్గ తిడుతుందనా, పాప మొహం చిన్నబోతుందనా, ఇంతా చేసి బయల్దేరే ముందే మచ్చపడిందని ఒప్పుకోలేకా. రెండోసారి కాయని అరుగుకేసి కొట్టాను, చక్కగా రెండు చెక్కలైంది, పువ్వు కూడా ఉంది లోపల, దుర్గ కళ్లకద్దుకుంది. పాప దిగొచ్చి, "ఏంటి నాన్నా, సైకిల్‌కి ఇంత బొట్టా, పేరంటానికి పోతందా ఏంటి?" అని తువ్వాలుతో తుడిచేసింది. ఫొటో తీశాను. నవ్వు అన్నాను. నవ్వింది. గీత అప్పటికే ఉంది అక్కడ, నవ్వు కింద.

ఆపొచ్చుగా, ఫోన్ చేసి. చేశాను, ఎందుకు చెయ్యను, ఇరవై రెండుసార్లు. పోతుంది, మోగుతుంది, ఆగుతుంది. నా నంబరుకి మోత తీసేసింది అది. పోయిన వారం ప్రాక్టీసుకి పోయినప్పుడు దారిలో ఆరుసార్లు చేశాను, ఎందుకు, బ్రేక్‌ఫాస్ట్ అయిందా, బ్రేకూ ఫాస్టూ రెండూ సైకిల్లోనే ఉన్నాయిగా అని చెప్పడానికి. "నాన్నా, తొక్కేటప్పుడు చెయ్యకు, నీకు దణ్ణం" అంది. బ్రేకు ఫాస్టు. ఫాస్టుగా బ్రేకు. ఛీ, వద్దంటే వస్తాయి, ఇవి జోకులు కావు, దగ్గు లాంటివి. బెన్నీకి చేశాను, బ్యాంకులో పనిచేస్తాడు, ఈ ఆదివారం గ్రూపుకి ముందుండి తొక్కేది అతనే, ఎత్తలేదు, తొక్కుతుంటే ఎవరెత్తుతారు. వాట్సాప్ గ్రూపులో రాశాను, పద్మశ్రీని ఆపండి, ఫ్రేమ్ పగిలింది, జోకు కాదు. వెంటనే వచ్చింది జవాబు. రహ్మాన్, ఇవాళ రాలేదు, ఇంట్లో మంచం మీదున్నాడు. మూడు నవ్వు బొమ్మలు. "అన్నా పొద్దున్నే మొదలెట్టావా" అని. దాని కింద ఇంకొకరెవరో, "ఫ్రేమా ప్రేమా అన్నా?" దాని కింద పగలబడి నవ్వుతున్న బొమ్మలు అయిదు. నిజంగా అని రాశాను. అమ్మతోడు అని రాశాను. "అమ్మతోడంటే ఇంకా పెద్ద జోకు ఉంది" అని రాశాడు రహ్మాన్. నిజంగా అన్న మాట కూడా నేను ఎన్నిసార్లు వాడేశానో, జోకు పండటానికి ముందు నిజంగా అనాలి, అది నా పద్ధతి, ఇప్పుడు నా దగ్గర నిజం చెప్పడానికి వేరే మాట మిగల్లేదు.

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి, ట్రాలీల నుంచి గడలు బయటికి సాగి ఈటెల్లాగా ఉన్నాయి, ఇవి దాటే ఉంటుంది అది, ముప్పై వేగంతో, ఈ గతుకుల మీదుగా, గతుకు తగిలినప్పుడల్లా ఆ మెడ మీద ఎంత బరువు పడుతుందో, మనిషి మెడ కాదు, సైకిల్ మెడ, మనిషి మెడ అనుకోవద్దు, అనుకోవద్దు. మా నాన్న ఇదే రోడ్డు మీద తొక్కాడు. పెద్దబ్బాయి అంటే బందరు నుంచి పామర్రు దాకా అందరికీ తెలుసు, వెనక రెండు గంపల్లో చేపలు, ముందు ఇంకో బుట్ట, నూరు కిలోలకి దగ్గరగా బరువు, ఇరవై రెండంగుళాల నల్ల సైకిలు, తెల్లారేసరికి పామర్రు. ఆయన గొంతే నాకొచ్చింది. చేపలోయ్ అని ఒక్క కేక వేస్తే మూడు వీధుల అవతల పిల్లులు లేచేవి. ఒకసారి ఆ సైకిల్ గొట్టం కిర్రుమంటోందని వారం రోజులు చెప్పాడు అమ్మతో, కిర్రుమంటోందే, ఇవాళ ఎక్కువ కిర్రుమంటోందే, వారం తర్వాత పామర్రులో కొలిమి దగ్గర ఆపి అతికించుకుని ఇంకో పదేళ్లు తొక్కాడు. ఇనుము చెప్పి చస్తుంది. వారం టైమిస్తుంది. నేను నా కూతురికి టైమివ్వని సైకిలు కొన్నాను, తేలిగ్గా ఉందని. తేలిక, నాకు అన్నీ తేలికే కావాలి.

అప్పుడు వినిపించింది, మంచులోంచి, ముందు నుంచి. నా గొంతు.

నా గొంతే. ఆటో పైన రెండు మైకులు, వెనక పట్టుచీరల బొమ్మ, "రండమ్మా రండి! పట్టు అంటే మా పట్టు! ఒక్కసారి పట్టుకున్నారంటే ఇక వదలరు!" అది నా బతుకుతెరువు, మైకు మణికుమార్ అంటారు, చీరల కొట్లకీ, చిట్‌ఫండ్లకీ, కంటి ఆస్పత్రులకీ నేను గొంతిస్తాను, రికార్డు చేసి ఇస్తే ఆటోలు ఊళ్లు తిరుగుతాయి, మైలవరం నుంచి బందరు దాకా నేను ఒక్కసారే పది చోట్ల అరుస్తుంటాను. ఎప్పుడూ నవ్వొచ్చేది ఎదురైతే, ఆటో డ్రైవర్‌కి చెయ్యి ఊపేవాణ్ణి. ఇవాళ చెయ్యి హ్యాండిల్ వదల్లేదు. ఆ ముక్క ఎక్కడ పుట్టిందో నాకొక్కడికే తెలుసు. మా అమ్మ రావమ్మ, తొమ్మిదేళ్ల క్రితం, ఒక మధ్యాహ్నం, వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "గుండెల్లో పట్టేసినట్టుందిరా మణీ" అంది. "పట్టయితే వదలకే అమ్మా, ఖరీదెక్కువ!" అన్నాను. నవ్వింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపడేలా నవ్వింది, నువ్వు నోరు మూసుకోరా అని నవ్వింది, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, సాయంత్రానికి ఆస్పత్రి, మధ్యాహ్నమే తీసుకొస్తే బాగుండేదండీ అన్నాడు డాక్టరు. అమ్మ పోయిన నాలుగు నెలలకి చీరల కొట్టాయన ఏదన్నా కొత్తగా చెప్పవయ్యా అంటే నోట్లోంచి అదే వచ్చింది. పట్టుకున్నారంటే వదలరు. డబ్బులిచ్చాడు. తీసుకున్నాను. ఆటోని దాటేశాను, అయినా వెనక నుంచి వస్తూనే ఉంది, రండమ్మా రండి, రండమ్మా రండి, నన్ను నేనే తరుముకుంటున్నట్టు.

పామర్రులో ఆగుతారు, ఇడ్లీ తింటారు, అది నా ఆశ. వీరమ్మ గారి బండి దగ్గర, పాప ఎప్పుడూ చెప్పేది, కారప్పొడి బాగుంటుందని. స్కూటర్ స్టాండ్ వెయ్యకుండానే దిగాను, అది పడబోతే ఎవరో పట్టుకున్నారు. సైకిళ్లు లేవు. వీరమ్మ గారు ఆవిరి వెనక నుంచి, "సైకిలోళ్లా అండీ? ఇప్పుడే, అయిదు నిమిషాలు కాలేదు. ఆ ఆడపిల్ల అయితే రెండిడ్లీ తిని రెండొదిలేసింది, ఒంట్లో వేడి తగ్గకముందే పోవాలంట" అంది. ఆకులో రెండిడ్లీలు, ఒకదానికి అంచు కొరికి ఉంది. ఆ ఆకు ముందు నిలబడి ఆ కొరికిన అంచునే చూస్తున్నాను. ఈ పూట ఇంకేమీ జరగకుండా ఈ అంచు ఇలాగే ఉంటే చాలు అనిపించింది, ఎంత పిచ్చి ఆలోచన, ఇడ్లీతో ఏం మొక్కుకుంటారు ఎవరైనా. "అంకుల్ గారూ, ఏమైందండీ, కూర్చోండి" అంటున్నారు ఎవరో. ముందు ఏముంది అన్నాను. "ఏముందండీ, వంతెన. ఎక్కి దిగితే ఇక బందరు దాకా అద్దంలాంటి రోడ్డు."

వంతెన. డెల్టాలో కొండలుండవు, గుట్టలుండవు, నేల దోసెపెనంలాగా ఉంటుంది, ఎత్తంటూ ఉంటే అది వంతెనే, అందుకే దిగుడు కనపడితే ఈ పిల్లలకి పండగ, నడుం వంచి, గడ్డం హ్యాండిల్‌కి ఆనించి, పెడల్ ఆపేసి, వదిలేస్తారు, యాభై దాటింది నాన్నా అని ఒకసారి ఫోన్లో అంకె కూడా చూపించింది. దిగుడు చివర, మామూలుగా డిసెంబర్లో అయితే, సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉంటారు, చుట్టూ రాళ్లు పెట్టి. బ్రేకు వెయ్యాలి అక్కడ. ముందు చక్రం బ్రేకు. బరువంతా మెడ మీద. స్కూటరు ఎంత తిప్పినా అరవై దాటదు, దుర్గా, దుర్గమ్మా, ఏ దుర్గని పిలుస్తున్నానో నాకే తెలియదు, కాయ కొట్టిన పాపం నాది, కాయానికి తగలనియ్యకు, చూడు మళ్లీ వచ్చింది, కాయ కాయం, మొక్కు కూడా ఈ నోరు ఇట్లాగే మొక్కుతుంది, క్షమించు.

వంతెన ఎక్కుడులో కనిపించారు. నాలుగు చుక్కలు, ఆఖరిది పసుపు చొక్కా. ఎక్కుడు కాబట్టి నెమ్మదిగా ఉన్నారు, పాప సీటు మీద నుంచి లేచి అటూ ఇటూ ఊగుతూ తొక్కుతోంది, ఊగినప్పుడల్లా బండి మెడ అటూ ఇటూ. బెన్నీ పైకి చేరుకున్నాడు, వంగాడు, మాయమయ్యాడు. రెండోవాడు మాయమయ్యాడు. హారన్ నొక్కాను, కీచు. అప్పుడు గొంతెత్తాను. మైకు లేకుండా, మా నాన్న గొంతుతో, కడుపులోంచి. పద్మా అన్నాను. అంతే వచ్చింది, శ్రీ కూడా రాలేదు.

మూడోవాడు మాయమయ్యాడు. పసుపు చొక్కా వంతెన నడినెత్తిన వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. నవ్వు మొదలుపెట్టింది, అప్పటికే, నేనింకా నోరు విప్పకముందే, కళ్లు పైకి తిప్పి, "అబ్బా, ఇక్కడిక్కూడా వచ్చేశావా, సరే కానియ్యి నాన్నా, ఏంటియ్యాళ జోకు?" అంటూ పెడల్ మీద కాలు ఆపలేదు, ముందు చక్రం దిగుడు వైపు వాలింది. పక్కకి వచ్చాను. నోరు తెరిచాను. చెప్పాల్సింది మూడు మాటలు, ఆగు, పగిలింది, దిగు. ఒక్కటీ రాలేదు. నోరు తెరిచి ఉంది, గాలి పోతోంది లోపలికి. జీవితంలో మొదటిసారి నా నోరు నాకంటే ముందు లేవలేదు. పాప నా మొహం చూసింది. నవ్వు ఆగింది. ఎవరో మీట నొక్కినట్టు ఆగింది. రెండు బ్రేకులూ మెల్లగా, చాలా మెల్లగా, పట్టుకుని కాలు కింద పెట్టింది.

"ఏమైంది నాన్నా? అమ్మకేమన్నా అయిందా?"

తల అడ్డంగా ఊపాను. స్కూటర్ ఎలా ఆపానో తెలియదు, దిగి దాని చొక్కా పట్టుకున్నాను, మెడ దగ్గర, వెనక. రెండో చేత్తో గొట్టం చూపించాను. వంగి చూసింది. "కుంకుమేగా" అంది. బొటనవేలు నోట్లో తడుపుకుని రుద్దింది. మళ్లీ రుద్దింది. చొక్కా అంచుతో రుద్దింది. గీత అక్కడే ఉంది. తడి తగిలితే ఇంకా ఎర్రగా అయింది. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను, లోపలి లుంగీ ఉండ తగిలింది, దాని పక్కన రూపాయి బిళ్ల. కరిముల్లా కొట్టినట్టే వెనక నుంచి మొదలుపెట్టాను, సీటు కింద, టింగ్. మధ్యలో, టింగ్. ఇటలీ పేరు చివర, టింగ్. ఒక్కొక్క అక్షరం మీదా. మొదటి అక్షరం మీద, దబ్.

ఎండిన బెండకాయ.

పాప దిగుడు వైపు చూసింది. కింద దాకా వాలు, తిన్నగా, నున్నగా, చివర నిజంగానే వడ్లు, పసుప్పచ్చగా, ఒక ముసలాయన కాలితో బారులు తీస్తున్నాడు. ముందెళ్లిన ముగ్గురూ అప్పటికే ఆయన్ని దాటి చిన్నగా అయిపోయారు. "నేనే కొట్టాను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్లీ అన్నాను. "కొబ్బరికాయ. చేతిలోది తగిలింది. అమ్మ చూస్తుందని నేనే బొట్టు పెట్టి మూసేశాను. చూశాను తల్లీ. చూసే మూశాను." దాని మొహంలో ఏముందో చూడలేదు. కోపం ఉంటుందనుకున్నాను, ఉంటే బాగుండును. రెయిలింగ్‌కి ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుంది, నా చెయ్యి దాని చొక్కాతో పాటే కిందికి పోయింది, నేనూ కూర్చున్నాను. సైకిల్‌ని ఒళ్లో పెట్టుకుంది. ఎనిమిది కిలోలు.

"ఏదో ఒకటి అను నాన్నా" అంది. "నువ్విట్టా ఉంటే నాకు భయమేస్తంది."

వెతికాను. నిజంగా వెతికాను. ఇరవై ఏళ్లు దాని నవ్వు కోసం కూడబెట్టిన సామానంతా ఎక్కడికో పోయింది. అప్పుడు వంతెన ఎక్కుడు నుంచి, మంచులోంచి, మెల్లగా, గేరు మార్చుకుంటూ మూలుగుతూ వచ్చింది ఆటో, నేను ఉయ్యూరులో దాటొచ్చినది. "రండమ్మా రండి! పట్టు అంటే మా పట్టు!" పాప తలెత్తింది. పెదవి ఒక పక్కకి వణికింది, నవ్వో ఏడుపో తేలకుండానే రెండూ అయింది. ఆటో మా పక్కనించి పోయి వాలు దిగింది, నా గొంతు పెద్దగా అరుచుకుంటూ, చిన్నదవుతూ, వడ్ల దగ్గర మలుపు తిరిగి పోయింది.

"చొక్కా వదులు నాన్నా, మెడ నొక్కుకుపోతంది."

ఊఁ అన్నాను.

"వదులూ."

ఊఁ అన్నాను. వదల్లేదు.